కాలికి వెళ్తే కడుపుకి వచ్చింది

కిందటి కార్తీకమాసంలో మా అత్తయ్యగారు తెల్లవారుజామున స్నానానికి లేచి, తడి గచ్చు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆవిడకి 74 ఏళ్ళు. కైకలూరు పక్కన కొల్లేటి ఒడ్డున పల్లెటూరు. మామయ్యగారు పోయాక ఏడాదిలో సగం అక్కడ, సగం తాడేపల్లిగూడెంలో మా దగ్గర ఉంటున్నారు. పక్కింటివాళ్ళే కారు మాట్లాడి ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేము రైలెక్కి వెళ్ళేసరికి ఎక్స్‌రే కూడా అయిపోయింది.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఇది ముందే చెప్తున్నాను. లేకపోతే "ఆసుపత్రుల మీద ఏడ్చే ఇంకో ఇల్లాలు" అనుకుంటారు. ఆ ఎముకల డాక్టరు గారి చెయ్యి బంగారం. మూడో రోజుకి వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించారు. మా ఆడపడుచు ఫోనులో "వదినా, అమ్మ ఇక బయట పడినట్టే" అని ఏడ్చింది కూడా.

ఆరో రోజు విరేచనాలు మొదలయ్యాయి.

మొదటి రోజు ఏడుసార్లు. రెండో రోజు నేను లెక్కపెట్టడం మానేశాను. తుంటికి కుట్లున్న మనిషిని ఒక పక్కకి ఒత్తిగిలించి, తుడిచి, దుప్పటి మార్చి, మళ్ళీ పడుకోబెట్టేలోపు ఇంకోసారి అయ్యేది. ఆవిడకి సిగ్గు. "నన్ను చూడొద్దే అమ్మా, నువ్వు అటు తిరుగు" అనేవారు. ఇరవై మూడేళ్ళుగా నన్ను కోడలిగా చూసిన మనిషి అలా అంటుంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

డ్యూటీలో ఉన్నాయన వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇంటి నుంచి ఏం తెచ్చి పెట్టారమ్మా?" పెరుగన్నం అన్నాను. "అదే మరి" అన్నాడు. రెండో ప్రశ్న: "మీ కొల్లేటోళ్ళు చేపల పులుసు పెట్టుంటారు కదా?" కార్తీకమాసం నాయనా, ఆవిడ ఉల్లిపాయ కూడా ముట్టరు అని చెప్పాను. నవ్వి, విరేచనాలు ఆగడానికి మాత్ర రాసి వెళ్ళిపోయాడు. ఆ మాత్ర ఆ జబ్బుకి మామూలుగా వెయ్యకూడదని, లోపలి విషాన్ని లోపలే ఉంచేస్తుందని తర్వాత తెలిసింది.

ఒక్క మాట అడుగుతాను. ఆసుపత్రిలో చేరి ఆరు రోజులైన మనిషికి కొత్తగా జబ్బు చేస్తే, అనుమానం ఆసుపత్రి మీదకి పోవాలా, కోడలి పెరుగన్నం మీదకి పోవాలా?

మా గదిలో మూడు మంచాలు. మూడింటికీ కలిపి చక్రాలున్న కమోడ్ కుర్చీ ఒకటి. ఆయమ్మ దాన్ని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నెట్టుకెళ్ళేది, మధ్యలో ఫినాయిల్ గుడ్డతో ఒక తుడుపు తుడిచేది. ఆవిణ్ణి తప్పుపట్టను. ఆ అంతస్తు మొత్తానికి రాత్రిపూట ఆవిడొక్కతే, ఇద్దరు సిస్టర్లు. ఎనిమిదో రోజుకి కిటికీ పక్క మంచం ఆవిడకీ విరేచనాలు. ఆవిడ కోడలు, నేను బాత్రూము దగ్గర వంతు కోసం నిలబడి మాట్లాడుకుంటుంటే తెలిసింది, తలుపు పక్క మంచం ఆవిడకి మేము చేరకముందు నుంచే ఉన్నాయట. ముగ్గురు పేషంట్లకీ ఒకటే వాసన. ఆ వాసన తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, మామూలు అజీర్తి వాసన కాదది.

చివరికి పట్టుకున్నది ఎవరనుకున్నారు? రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఫైలు తిరగేసి, "అమ్మా, ఈవిడకి మూడు రకాల యాంటీబయాటిక్స్ వెళ్ళాయి, గ్యాస్ ఇంజెక్షన్ రోజూ వెళ్తోంది. ఒక పరీక్ష పంపిద్దాం" అంది. మలం డబ్బా విజయవాడ ల్యాబుకి వెళ్ళింది. రెండు రోజులకి పేరొచ్చింది. క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్. పిలుచుకోవడానికి సీ డిఫ్ అంటారట.

ఇదేమీ కొత్త క్రిమి కాదు. 1935లోనే అప్పుడే పుట్టిన పిల్లల మలంలో కనిపెట్టారు. ల్యాబులో పెంచడం కష్టంగా ఉందని "కష్టమైనది" అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. యాంటీబయాటిక్ వాడాక వచ్చే ప్రమాదకరమైన విరేచనాలకి ఇదే కారణమని 1978లో తేలింది. మన పేగుల్లో కోట్లకొద్దీ మంచి బాక్టీరియా ఉంటుంది కదండీ, యాంటీబయాటిక్ జబ్బు క్రిమితో పాటు వాటినీ ఊడ్చేస్తుంది. చెరువులో ఉన్నవన్నీ చచ్చాక ఖాళీ నీళ్ళని గుర్రపుడెక్క అల్లుకున్నట్టు, అప్పుడు ఇది అల్లుకుంటుంది. విషం వదిలి పేగు లోపలి పొరని తినేస్తుంది. వయసు మళ్ళినవాళ్ళకి, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. తగ్గాక కూడా ఐదారుగురిలో ఒకరికి మళ్ళీ తిరగబెడుతుంది.

అన్నింటికన్నా నన్ను కూర్చోనివ్వకుండా చేసిన సంగతి ఇది. ఈ క్రిమికి గడ్డుకాలం వస్తే విత్తనం లాంటి గట్టి రూపంలోకి మారిపోతుంది. ఎండిన కొల్లేటి బురదలో విత్తనం తొలకరి కోసం కాచుకున్నట్టు, మంచం కమ్మీల మీద, కమోడ్ కుర్చీ మీద, తలుపు గడియ మీద నెలల తరబడి కాచుకుంటుంది. గోడకి తగిలించిన శానిటైజర్ దీన్ని చంపదు. ఫినాయిల్ చంపదు. సబ్బూ, పారే నీళ్ళూ చేతి మీద నుంచి దాన్ని కడిగేస్తాయి. గచ్చునీ కుర్చీనీ బ్లీచింగ్‌తో తుడవాలి. బ్లీచింగ్ పౌడరండీ! వానాకాలం వస్తే మన పంచాయతీవాళ్ళు బావుల్లో చల్లే బ్లీచింగ్.

పది రోజులుగా సిస్టర్లు ఎంతో శ్రద్ధగా శానిటైజర్ రుద్దుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్తూనే ఉన్నారు. నేనూ రుద్దుకున్నాను, అదే చేత్తో క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాను. ఆ గదికి అటాచ్ అయిన వాష్‌బేసిన్ దగ్గర సబ్బు లేదు. పది రోజుల్లో ఒక్కరోజు కూడా లేదు. లక్షల ఖరీదు చేసే ఎక్స్‌రే మిషను ఉంది, పది రూపాయల సబ్బు లేదు.

వాంకోమైసిన్ అని ఇంజెక్షన్ సీసా తెప్పించి, అందులో పొడిని నీళ్ళలో కలిపి నోటితో తాగించమన్నారు. పది రోజులు. అత్తయ్యగారు బతికారు. పదకొండు కిలోలు తగ్గి, వాకర్ కూడా పట్టుకోలేనంత నీరసంతో ఇంటికొచ్చారు. తుంటి ఆపరేషనుకి ఎంతయిందో ఈ కడుపు జబ్బుకి దాదాపు అంతా అయింది. ఆ బిల్లు కూడా మేమే కట్టాం. వాళ్ళ దగ్గర అంటుకున్న జబ్బుకి వాళ్ళ దగ్గరే వైద్యం, డబ్బు మాది. మావారు "పోనీలే, మనిషి దక్కింది" అన్నారు. మనందరం అనే మాటే అది. ఆ మాట వల్లే ఈ వ్యవహారం ఇలా సాగుతోంది.

తలుపు పక్క మంచం ఆవిడ దక్కలేదు. మేము ఇంటికొచ్చే ముందురోజు తెల్లవారుజామున పోయారు. ఆవిడ కూతురు నాకు కాగితం చూపించింది, ఇంగ్లీషు సరిగా రాదు చదవమని. మరణ కారణం దగ్గర గుండె ఆగిపోవడం అని రాసి ఉంది. పోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందో రాయాల్సిన చోట, ఆగింది అని మాత్రం రాశారు. ఆవిడకి విరేచనాలైనట్టు ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు. ఆవిడకి ఆ పరీక్ష చేయించలేదు కూడా. కాబట్టి ఫలానా క్రిమి అని నేనూ అనలేను. అదే నా బాధ. తేల్చుకునే దారి లేకుండా ఆవిణ్ణి పంపించేశారు.

ఇలాంటి గదులు ఎన్నున్నాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో, డబ్బున్న దేశాల్లో 7గురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి, చేరినప్పుడు లేని ఇన్ఫెక్షన్ ఏదో ఒకటి అక్కడే అంటుకుంటోందట. అలా అంటుకున్నవాళ్ళలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు. సీ డిఫ్ అందులో ఒకటి మాత్రమే. మూత్రం గొట్టం నుంచి వచ్చేవి, సెలైన్ సూది నుంచి రక్తంలోకి పోయేవి, ఆపరేషన్ కుట్లు చీము పట్టడం, వెంటిలేటర్ మీద వచ్చే నిమోనియా, అన్నీ కలిపి ఆ 15. శుభ్రత పాటిస్తే వీటిలో నూటికి 70 దాకా ఆపొచ్చని కూడా అదే నివేదికలో ఉంది.

నేను బీయే తెలుగు చదివినదాన్ని. వైద్యం గురించి మాట్లాడే అర్హత ఏమిటని అడగొచ్చు. అర్హత ఉంది. రోగి మంచం పక్కన కూర్చునేది నేను. మీరు ఏ వార్డుకైనా వెళ్ళి చూడండి, పేషంటు మగైనా ఆడైనా, పక్కన కింద చాప మీద ఉండేది భార్యో, కూతురో, కోడలో. దుప్పట్లు ఉతికేది మనం. మలమూత్రాలు ఎత్తేది మనం. ఆ చేత్తోనే ఇంటికెళ్ళి పిల్లలకి అన్నం కలిపేది మనం. "అటెండర్ల వల్లే ఇన్ఫెక్షన్లు" అని బోర్డు పెడతారు, మరి ఆ అటెండరు పని మీరు ఎందుకు చెయ్యడం లేదు, చేయిస్తున్నప్పుడు ఎలా చెయ్యాలో ఎందుకు నేర్పడం లేదు అని ఎవరూ అడగరు.

మన ఆడవాళ్ళకి ఈ కథ పాతదే. వియన్నా పెద్దాసుపత్రిలో 1840లలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకటి డాక్టర్లూ వైద్య విద్యార్థులదీ, రెండోది మంత్రసానులదీ. డాక్టర్ల వార్డులో పురిటి జ్వరంతో చచ్చిపోయే తల్లులు మంత్రసానుల వార్డులోకన్నా రెండింతలకి పైనే. మొదటి వార్డులో చేర్చవద్దని గర్భిణులు కాళ్ళు పట్టుకునేవారట. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుకి కారణం అంతుపట్టింది. శవాలు కోసిన చేతులతో వచ్చి కాన్పులు చేస్తున్నారు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో, అంటే మన బ్లీచింగ్ లాంటిదానితోనే, చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌కి 2 దగ్గరికి పడిపోయాయి. దానికి తోటి డాక్టర్లు ఏమన్నారు? పెద్దమనుషుల చేతులు మురికి అంటావా అని కోపగించుకున్నారు. ఆయన ఉద్యోగం నిలబడలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చీము పట్టి పోయాడు. ఆయన లెక్క రాశాడు కాబట్టే ఇవాళ మనకి తెలిసింది. ఆ గర్భిణులు మాత్రం లెక్క లేకుండానే ముందే కనిపెట్టారు, వాళ్ళ మాట ఎవరూ వినలేదు.

ఎక్కడో వియన్నా ఎందుకు, 2022 ఆగస్టు 25న తెలంగాణలో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒక్కరోజు 34 మంది ఆడవాళ్ళకి ల్యాపరోస్కోపీతో ఆపరేషన్లు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులు. మిగిలిన ముప్పైమందిని హడావుడిగా హైదరాబాద్ నిమ్స్‌కీ అపోలోకీ తరలించారు. ఇన్ఫెక్షన్ అన్నారు. సస్పెన్షన్లు, విచారణలు, పరిహారాలు, అన్నీ జరిగాయి. కానీ అంతకు ముందు సంగతి ఒకటుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఇలాంటి శిబిరంలోనే ఒక డాక్టరు 83 మందికి కొన్ని గంటల్లో ఆపరేషన్లు చేసి, పదమూడు మందికి పైగా ఆడవాళ్ళు పోయారు. దాని తర్వాత దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పిచ్చింది, ఈ శిబిరాల పద్ధతి మూడేళ్ళలో ఆపెయ్యాలని. మూడేళ్ళంటే 2019. ఇబ్రహీంపట్నం శిబిరం 2022.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. మగవాళ్ళది ఇంకా చిన్న ఆపరేషన్, కోత తక్కువ, ఇన్ఫెక్షన్ భయం తక్కువ. కత్తి కిందకి పంపేటప్పుడు మాత్రం మనల్నే ముందు నిలబెడతారు. నాకు రెండో కాన్పు అయినప్పుడు మావారిని అడిగాను. వాళ్ళ అమ్మ, అంటే ఈ అత్తయ్యగారే, "మగవాడు బరువులెత్తాలి" అన్నారు. ఆయన గుమాస్తా ఉద్యోగం చేస్తారు.

మా బంధువుల్లో ఒక డాక్టరు ఉన్నాడు. నేను ఇది రాస్తున్నానంటే, "పిన్నీ, ఇలాంటివి రాస్తే జనం ఆసుపత్రికి రావడానికి భయపడతారు, నాటువైద్యానికి పోతారు" అన్నాడు. మంచివాడే, నిజంగా ఆ భయంతోనే అన్నాడు. దానికి జవాబు ఇంగ్లండులో ఉంది. అక్కడ కెంట్ ప్రాంతంలో మెయిడ్‌స్టన్ ఆసుపత్రుల్లో 2004 నుంచి 2006 మధ్య ఇదే సీ డిఫ్‌తో తొంభై మంది దాకా పోయారని 2007లో విచారణ తేల్చింది. విరేచనాలతో ఉన్న ముసలివాళ్ళు సాయం అడిగితే, పక్కలోనే కానిచ్చెయ్యమన్నారట. ఆ నివేదిక అంతా బయట పెట్టారు. పేపర్లు ఏకిపారేశాయి. జనం ఆసుపత్రులు మానేశారా? లేదు. ఆసుపత్రులు మారాయి. ఏ ఆసుపత్రిలో ఎన్ని కేసులో చెప్పి తీరాలని అక్కడ అప్పటికే నిబంధన ఉంది, దాన్ని ఇంకా బిగించారు. 2007-08లో దేశం మొత్తం మీద 55 వేలు దాటిన కేసులు, 2013-14కి 14 వేల లోపుకి వచ్చాయి. అమెరికాలో కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు ఆసుపత్రిలోనే వస్తే, వృద్ధుల బీమా పథకం 2008 అక్టోబరు నుంచి ఆ అదనపు ఖర్చు ఆసుపత్రికి ఇవ్వడం మానేసింది. అంటుకున్న జబ్బుకి బిల్లు వేసుకోవడం కుదరదన్నమాట. ఈ ఒక్కటీ ఇక్కడ పెట్టి చూడండి, మర్నాడు ప్రతి బేసిన్ దగ్గరా సబ్బు ఉంటుంది.

పిన్నీ పిన్నీ అంటూ జనం భయం గురించి చెప్తాడు గానీ, ఇప్పుడు మాత్రం జనం భయపడటం లేదా? దేనికి భయపడాలో తెలియక అన్నిటికీ భయపడుతున్నారు.

ఏలూరుకి లెక్కలు తెలియవని కాదు. 2020 డిసెంబరులో ఊరు ఊరంతా మూర్ఛలొచ్చి రోడ్ల మీద పడిపోతుంటే ఏం జరిగిందో గుర్తుంది కదా. ఆరువందల మందికి పైగా. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళొచ్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చింది, హైదరాబాదు నుంచి పోషకాహార సంస్థ వచ్చింది. రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షించారు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందుల మాట వచ్చింది. రోజుకి ఎంతమంది చేరారో, ఎంతమంది ఇంటికెళ్ళారో సాయంత్రానికల్లా టీవీలో. వీధిలో పడిపోతే అంత లెక్క. వార్డులో మూడు మంచాల మీద పడిపోతే ఏ లెక్కా లేదు.

ఇంకో లెక్క నాకు మరీ చేదుగా అనిపిస్తుంది. మా అత్తయ్యగారి ఊరి చుట్టూ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ. మా చిన్నత్తగారి అబ్బాయి రొయ్యలు వేస్తాడు. పట్టుబడికి ముందు శాంపిల్ తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తాడు, రొయ్యలో యాంటీబయాటిక్ ఉందా లేదా అని. భీమవరంలో ఎంపీడా వాళ్ళ ల్యాబు కూడా ఉంది. క్లోరాంఫెనికాల్ లాంటివి చాలా కొద్దిగా కనిపించినా యూరప్ వాడు కంటైనర్ వెనక్కి తిప్పి పంపుతాడు. అంచేత రొయ్య పుట్టుపూర్వోత్తరాలకి కాగితం ఉంటుంది. మా అత్తయ్యగారి ఒంట్లోకి పది రోజుల్లో మూడు రకాల యాంటీబయాటిక్ ఎందుకు వెళ్ళిందో నేను అడిగితే, "అవన్నీ మీకు అర్థం కావమ్మా" అన్నారు. ఆవిడ ఎగుమతి సరుకు కాదు కాబట్టి.

మనవైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి, దాచను. జలుబుకి మెడికల్ షాపుకెళ్ళి "ఆ ఎర్ర గొట్టాలివ్వు బాబూ" అని అడిగింది మనమే. ఎర్ర గీత ఉన్న అట్ట చీటీ లేకుండా కొనకూడదని 2016 నుంచి ప్రచారం చేస్తున్నారు. కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్ అమ్మితే షాపువాడు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలని 2014 మార్చి నుంచి రూలుంది. మా వీధి షాపులో ఆ రిజిస్టరు నేనెప్పుడూ చూడలేదు, అడగనూ లేదు. మూడు రోజులు వేసి తగ్గగానే మిగతావి డబ్బాలో దాచి, పక్కింటావిడకి జ్వరమొస్తే ధర్మం చేశాను. "ఒక సెలైన్ ఎక్కించండి డాక్టరుగారూ, పట్టు వస్తుంది" అని ఎక్కించుకున్నవాళ్ళం. అక్కర్లేని ప్రతి సూదీ క్రిమికి తలుపు తీసినట్టే అని ఆ చిన్న డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆరెంజీలూ బ్రెడ్డూ పట్టుకుని పదిమంది చుట్టాలం, చంకలో పిల్లలతో సహా, పేషంటు మంచం మీదే కూర్చుంటాం. చూడ్డానికి వెళ్ళకపోతే మాట పడాలి మరి.

ఈ మాట ఎత్తగానే మా బంధువులావిడ ఒకరు "అందుకే పూర్వం మడి ఉండేది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మడి మనిషిని చూసి దూరం జరిగింది, క్రిమిని చూసి కాదు. గుమ్మం బయట నిలబెట్టిన మనిషే లోపలివాళ్ళ పురుళ్ళు పోసింది, మురికి ఎత్తింది. ఇవాళ ఆసుపత్రిలోనూ ఆ పని అదే ఇళ్ళ నుంచి వచ్చిన ఆయమ్మ చేతిలోనే ఉంది. ఆవిడకి చేతులకి తొడుగుల్లేవు, రెండో చీపురు లేదు, సీ డిఫ్ అంటే ఏమిటో చెప్పినవాళ్ళు లేరు. కావాల్సింది మడి కాదు, ఆవిడకి సరైన జీతం, శిక్షణ, బ్లీచింగ్ డబ్బా. అంటుకుంటే మొదట అంటుకునేది ఆవిడకే కదా.

ప్రభుత్వాసుపత్రులకి 2015 నుంచి కాయకల్ప అని శుభ్రతకి మార్కులూ బహుమతులూ ఉన్నాయి. బాగుంది. ప్రైవేటువాళ్ళు నాణ్యత సర్టిఫికెట్లు అద్దం కట్టించి రిసెప్షన్ దగ్గర పెడతారు. అదీ బాగుంది. నాకు కావాల్సింది ఆ పక్కనే ఇంకో కాగితం. కిందటి నెల మా దగ్గర ఇంతమందికి ఆపరేషన్లయ్యాయి, ఇంతమందికి కుట్లు చీము పట్టాయి, ఇంతమందికి ఇక్కడ చేరాక కొత్తగా విరేచనాలొచ్చాయి. పదోతరగతి ఫలితాలు పాంప్లెట్లు వేసి పంచుతారే, ఆ అంకెలు వెయ్యడానికి ఏమి అడ్డం? సున్నా అని రాయమనడం లేదు. సున్నా అని రాసినవాడి దగ్గరికి నేను వెళ్ళను కూడా, లెక్కపెట్టనివాడికే సున్నా వస్తుంది.

ఆ ఏలూరు ఆసుపత్రికి ఉత్తరం రాశాను. చక్కగా, మర్యాదగా, రెండు పేజీలు. మూడు మంచాల సంగతి, కుర్చీ సంగతి, సబ్బు సంగతి. వాళ్ళ మేనేజరు ఫోను చేసి, బిల్లులో ఏమైనా తగ్గించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఆ కుర్చీ ఏం చేశారు అని అడిగాను. లైను కట్ అయింది. సిగ్నల్ సమస్య కావచ్చు.

వచ్చే నెల మా చెల్లెలి కూతురికి నెలలు నిండుతున్నాయి. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే అయ్యాయి, ప్రైవేటులో ఇంకా ఎక్కువ, కాబట్టి దీనికీ ఆపరేషనే కావచ్చు అనుకుని ముందే సిద్ధపడ్డాం. తాడేపల్లిగూడెంలోనే ఒక డాక్టరమ్మగారి దగ్గర చూపిస్తున్నాం. మొన్న పరీక్షకి వెళ్ళినప్పుడు, అన్నీ అయ్యాక, పిల్ల బయటకి వెళ్ళాక అడిగేశాను. "డాక్టరుగారూ, కిందటి ఏడాది మీ దగ్గర ఎన్ని ఆపరేషన్ కుట్లు చీము పట్టాయండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి నావంక చూశారు. కోప్పడతారనుకున్నాను. "ఇరవై ఏళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. కాసేపు ఆలోచించి, "రాసి పెట్టలేదు. పాత ఫైళ్ళు తీయించి చూస్తాను. సోమవారం రండి" అన్నారు.

బయటకి వస్తూ అక్కడి బేసిన్ వైపు చూశాను. సబ్బు ఉంది. సోమవారం వెళ్తున్నాను.